పాత గుమ్మం మీద చీటీ

ఇల్లు మారేవాళ్ళు రెండు పనులు చెయ్యాలి. కొత్త చిరునామా నలుగురికీ చెప్పాలి. ఆ కబురు అందనివాళ్ళ కోసం పాత ఇంటి గుమ్మం మీద ఒక చీటీ అంటించి రావాలి. మొదటిపని అందరూ చేస్తారు. రెండోది గుర్తుపెట్టుకునేవాళ్ళు తక్కువ. రేడియో స్టేషన్లు ఫ్రీక్వెన్సీలు మార్చుకున్నప్పుడు ఆ సంగతి శ్రోతలకి ఎలా చెప్పాయో కొంతకాలంగా పరిశీలిస్తున్నాను. అక్కడా నాకు కనిపించింది ఇదే.

కథలూ కవితలూ చర్చించుకునే ఈ సంచికలో రేడియో ప్రకటనలకేం పని అని మీరడగవచ్చు. నా మటుకు నాకు ప్రకటన కూడా రచనే. దానికీ ఒక కర్త ఉంటాడు. ఆ కర్త తన ఎదుట ఎవరున్నారని ఊహించుకుంటున్నాడో ప్రతి మాటలోనూ తెలిసిపోతుంది. పైగా కథ బాగుండకపోతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు, అంతే. ఈ ప్రకటన బాగుండకపోతే శ్రోతే తప్పిపోతాడు.

రేడియో ఇల్లు మారడంలో ఒక చిక్కుంది. కొత్త అంకె చెప్పడానికి స్టేషను చేతిలో ఉన్న చోటు పాత అంకే. ఆ నాలుగు రోజులూ రేడియో పెట్టనివాళ్ళకి, అంటే ఊరెళ్ళినవాళ్ళకీ, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకీ, వారానికొకసారి మాత్రమే వినేవాళ్ళకీ, ఆ మాట చేరదు. తిరిగొచ్చి మీట తిప్పినప్పుడు పాతచోట నిశ్శబ్దం ఉంటే ఏదో జరిగిందని అనుమానమైనా వస్తుంది. రెండు స్టేషన్లు ఒకదాని చోటికి ఒకటి మారితే ఆ అనుమానానికీ తావుండదు. తలుపు తీసేది ఎవరో కొత్తవాళ్ళు. వాళ్ళు తమ కబుర్లు తాము చెప్పుకుంటూ ఉంటారు.

ఈ దేశంలో జరిగిన పెద్ద మార్పు 1941 మార్చి 29 నాటిది. ఉత్తర అమెరికా దేశాలు 1937లో హవానాలో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, తూర్పుతీరం గడియారాల్లో తెల్లవారుజామున 3 గంటలకి, సుమారు 800 ఏ.ఎమ్. స్టేషన్లు ఒక్కసారిగా చోటు మారాయి. పిట్స్‌బర్గ్ కె.డి.కె.ఏ. 980 నుంచి 1020కి వెళ్ళింది, బోస్టన్ డబ్ల్యు.బి.జెడ్. 990 నుంచి 1030కి వెళ్ళింది. అందరికీ ఒకే ముహూర్తం పెట్టడం ఆ ఏర్పాటులోని మంచితనం. పత్రికలు పాత అంకె, కొత్త అంకె పక్కపక్కనే పట్టికలుగా వేశాయి. చాలా స్టేషన్లు డయల్ మీద కాస్త పైకి జరిగాయంతే. ముల్లు చేత్తో తిప్పుకునేవాళ్ళకి అది కొద్దిపాటి పని. అసలు ఇబ్బంది మీటలు నొక్కే ఖరీదైన సెట్లు కొనుక్కున్నవాళ్ళకి వచ్చింది. వాటిని మళ్ళీ సరిచెయ్యడానికి రిపేరువాణ్ణి పిలవాల్సి వచ్చింది. సౌకర్యం ఎక్కువైన కొద్దీ దారి మరిచిపోతామన్నమాట. కారులో మీట నొక్కి స్టేషను పట్టే మనకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో ఉన్న మన మిత్రుల్లో పెద్దవాళ్ళకి 1978 నవంబరు 23 గుర్తుండవచ్చు. ఆరోజు బీబీసీ తన నాలుగు జాతీయ స్టేషన్లనీ ఒకేసారి కదిపింది. 247 మీటర్ల మీద పాప్ పాటలు వినిపించే రేడియో 1 అక్కణ్ణించి 275, 285 మీటర్లకి వెళ్ళింది. ఆ 247లోకి శాస్త్రీయ సంగీతం వినిపించే రేడియో 3 వచ్చింది. 1500 మీటర్ల లాంగ్ వేవ్ మీదున్న రేడియో 2 దాన్ని రేడియో 4కి అప్పగించి 433, 330 మీటర్లకి మారింది. ఇన్ని అంకెలు ఎవరికి గుర్తుంటాయి? అందుకే బీబీసీ చిన్న చిన్న స్టిక్కర్లు పంచింది. కొత్తచోటు కనుక్కుని, డయల్ మీద అంటించుకుంటే చాలు. ఈ మొత్తం చరిత్రలో నాకు నచ్చిన వాక్యం ఆ స్టిక్కరే. అందులో గొప్పలు లేవు. వినేవాళ్ళ చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పి ఊరుకుంది.

అంతకన్నా మెచ్చుకోవలసినది ఇంకొకటుంది. సముద్రంలో ఉన్న ఓడలకీ పడవలకీ వాతావరణ సూచన అంతవరకూ రేడియో 2లో వచ్చేది, ఎందుకంటే దూరం వెళ్ళే లాంగ్ వేవ్ దానిదే కాబట్టి. స్టేషన్లు మారినప్పుడు ఆ కార్యక్రమం రేడియో 2 వెంట వెళ్ళలేదు. 1500 మీటర్ల మీదే ఉండిపోయి, రేడియో 4 కార్యక్రమమైంది. గాలివానలో ఉన్న జాలరి అంకె మార్చనక్కర్లేకుండా స్టేషనే సర్దుకుందన్నమాట. ప్రకటన అవసరమే లేకుండా చెయ్యడం కన్నా మంచి ప్రకటన ఏముంటుంది?

అదేరోజు అమల్లోకి వచ్చిన జెనీవా ప్రణాళిక ఆసియాకీ వర్తించింది. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్‌లుగా స్థిరపడింది. మనం విన్న ఆకాశవాణి అంకెలు గుర్తుచేసుకుని చూడండి: విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, కడప 900. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే. అమెరికా ఏ.ఎమ్. అంకెలు పదో ఎక్కంలోవి. ఇండియా నుంచి తెచ్చుకున్న డిజిటల్ రేడియో ఇక్కడి స్టేషన్ల మీద సరిగ్గా నిలబడకపోవడానికి కారణం అదే. ఆకాశవాణి అనౌన్సరు ప్రసారం మొదలుపెట్టేటప్పుడు మీటర్లలో ఒకసారీ కిలోహెర్ట్జ్‌లలో ఒకసారీ తన చోటు చెప్పుకునేవారు. 358.4 మీటర్లు అంటే 837 కిలోహెర్ట్జ్‌లు అని రోజూ అదే పాఠం వింటూ చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పాఠం మీద గౌరవం కలుగుతోంది. ఈరోజే మొదటిసారి వింటున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారన్న స్పృహ అందులో ఉంది.

న్యూయార్క్ కథ వేరు. 1050 మీద ఉన్న క్రీడల స్టేషను డబ్ల్యు.ఎఫ్.ఏ.ఎన్., 1988 అక్టోబరు 7 సాయంత్రం 5.30కి, 660 మీదికి వచ్చింది. అంతవరకూ అక్కడున్న డబ్ల్యు.ఎన్.బి.సి. 1922 నాటి స్టేషనుకి వారసురాలు. వెళ్ళిపోయేముందు తన 66 ఏళ్ళ చరిత్ర చెప్పుకుని మరీ వెళ్ళింది. వీడ్కోలు అందంగానే ఉంటుంది కానీ వీడ్కోలు, కబురు ఒకటి కావు. వీడ్కోలులో స్టేషను తన గురించి మాట్లాడుకుంటుంది. కబురులో శ్రోత గురించి మాట్లాడాలి. అయితే కొత్త యజమానులు ఒక తెలివైన పని చేశారు. పొద్దున్నే అందరూ వినే ఐమస్ కార్యక్రమాన్ని 660 మీదే ఉంచారు. నిద్రకళ్ళతో పాత మీట నొక్కినవాళ్ళకి పాత గొంతే వినిపించింది. జాలరుల వాతావరణ సూచనలాంటిదే ఇదీను.

ఆ 1050లోకి 1989లో వచ్చి చేరింది డబ్ల్యు.ఇ.వి.డి. యూజీన్ విక్టర్ డెబ్స్ పేరులోని పొడి అక్షరాలతో 1927లో సోషలిస్టులు పెట్టిన స్టేషను అది. తరవాత ఫార్వర్డ్ అనే యిడ్డిష్ పత్రిక చేతికి వచ్చి, వలస వచ్చిన యూదులకి ఇంటి గొంతు అయింది. అది వదిలిన ఎఫ్.ఎమ్. 97.9లో స్పానిష్ స్టేషను వెలిసింది. ఒక వలస భాష లేచిన కుర్చీలో ఇంకొక వలస భాష కూర్చుంది. 2001లో 1050 కూడా క్రీడల ప్రసారాలకి వెళ్ళిపోయింది. ఈ రెండు వాక్యాలూ చదివినప్పుడల్లా నాకు మన సంగతే గుర్తొస్తుంది.

వాషింగ్టన్ ప్రాంతంలో ఉన్నవాళ్ళకి 2006 జనవరి తెలుసు. వార్తల స్టేషను డబ్ల్యు.టి.ఓ.పి. 103.5కి వచ్చింది. అక్కడున్న శాస్త్రీయ సంగీతపు స్టేషను డబ్ల్యు.జి.ఎమ్.ఎస్. 104.1, 103.9లకి జరిగింది. రెండూ ఒకే యాజమాన్యానివి. వార్తలకి పెద్దగది, సంగీతానికి వసారా. ఏడాది తిరిగేసరికి, 2007 జనవరి 22న, ఆ సంగీతం ఆగిపోయింది. కాని అదేరోజు ప్రజా ప్రసార సంస్థ డబ్ల్యు.ఇ.టి.ఏ. తన 90.9ని శాస్త్రీయ సంగీతానికి మార్చింది. పాత స్టేషను పేరును కూడా తీసుకుని, హేగర్స్‌టౌన్‌లోని తన 89.1కి పెట్టుకుంది. ఆ పేరు కోసం వెతికేవాళ్ళకి మళ్ళీ సంగీతమే దొరికేలా చేసింది. వ్యాపారంలో ఇంత మర్యాద అరుదు.

చట్టం ఈ విషయంలో శ్రోతకి పెద్దగా సాయం చెయ్యదు. ఇక్కడి నిబంధనల ప్రకారం ప్రతి స్టేషనూ గంటగంటకీ తన పేరూ, లైసెన్సులో ఉన్న ఊరి పేరూ చెప్పాలి. అంకె చెప్పడం చెప్పకపోవడం వాళ్ళ ఇష్టం. పేరు యజమానికి కావాలి, అంకె వినేవాళ్ళకి కావాలి. చట్టానికి మొదటిదే ముఖ్యమైంది.

ఇంతకీ ఇదంతా మనకెందుకంటే, అమెరికాలో తెలుగు కార్యక్రమాల్లో చాలావాటికి సొంత స్టేషను లేదు. గంట అద్దెకు తీసుకుని నడిపేవే ఎక్కువ. ఇంటాయన పొమ్మన్నప్పుడు పోవాలి. మా ఊళ్ళో అలాంటి ఒక ఆదివారం కార్యక్రమం ఒకసారి చోటు మారింది. ప్రకటన నేను విన్నాను. రెండు దుకాణాల ప్రకటనల మధ్య, సంగీతం మీద, ఇంగ్లీషు అంకెల్లో గబగబా చదివారు. "మరింత శక్తివంతమైన సిగ్నల్‌తో మీ ముందుకు" అన్నారు. వివరాలకి వెబ్‌సైటు చూడమన్నారు. అప్పుడు మా అత్తగారు మా దగ్గరున్నారు. ఆవిడకి వెబ్‌సైటు తెలియదు. ఆదివారం పొద్దున ఆ గంట తప్ప వారమంతా ఆ రేడియోలో ఆవిడకి అర్థమయ్యే మాట లేదు. ఆ తరవాతి ఆదివారం పాత అంకె మీద ఎవరో స్థలాల ధరల గురించి మాట్లాడుతుంటే కాసేపు విని, "వాళ్ళు మానేశారా అమ్మాయ్?" అనడిగారు. "మారారు అత్తయ్యా, మానలేదు" అని చెప్పి, కొత్తచోట ఒక స్టిక్కరు బొట్టు అంటించాను. పక్కన ఎవరూ లేని పెద్దవాళ్ళకి ఆ బొట్టు ఎవరు పెడతారు?

ఆవిడ అన్న మాటలోనే నా విమర్శంతా ఉంది. మారడానికీ మానడానికీ మధ్య ఉన్న తేడా స్టేషనుకే తెలుస్తుంది. చెప్పకపోతే వినేవాళ్ళకి రెండూ ఒకటే.

ఇప్పుడు ఫోనులో యాప్‌లున్నాయి, ఫ్రీక్వెన్సీల గొడవెందుకు అనేవాళ్ళున్నారు. నిజమే, దూరం సమస్య పోయింది. కాని యాప్ మారినా, లింకు మారినా జరిగేది ఇదే. పైగా అక్కడ పాత ఇంట్లో కొత్తవాళ్ళు కూడా ఉండరు. తలుపే ఉండదు.

కనుక కార్యక్రమాలు నడిపే మన మిత్రులకి నాకు తోచిన నాలుగు మాటలు. అంకె తెలుగులో చెప్పండి: "పదకొండువందల డెబ్భై" అంటే మన పెద్దవాళ్ళకి వెంటనే అందుతుంది. ముల్లు కుడికి తిప్పాలో ఎడమకి తిప్పాలో చెప్పండి. తేదీతో పాటు దగ్గర్లో ఉన్న పండగ పేరు చెప్పండి. దసరా వెళ్ళిన ఆదివారం అంటే ఎవరూ మరిచిపోరు. వీలైతే నెలరోజులు రెండుచోట్లా వినిపించండి. వీలు కాకపోతే, పాత గంటని కొత్తగా తీసుకున్నవాళ్ళని బతిమాలో, డబ్బిచ్చో, ఒక్క నిమిషం కొనుక్కుని, "తెలుగువాళ్ళు ఫలానా చోటికి వెళ్ళారు" అని తెలుగులో చెప్పించండి. కొత్తచోట మొదటి కార్యక్రమాన్ని సన్మానాలతో కాక, రోజూ వినిపించే గొంతుతోనే మొదలుపెట్టండి.

కార్యక్రమం బాగుండలేదని తెలిస్తే శ్రోతలు ఫోను చేసి తిడతారు. తప్పిపోయిన శ్రోత మాత్రం ఫోను చెయ్యరు. అందువల్ల నిర్వాహకుల లెక్కలో ఎవరూ తగ్గినట్టే కనిపించరు. పాతచోట మీకు మిగిలిన ఆఖరి గంటలో మీ చరిత్ర చెప్పుకోకండి. చిరునామా చదవండి, నెమ్మదిగా, రెండుసార్లు.