షెల్ స్క్రిప్టులు, తెలుగు అక్షరములు: గుణదోష విచారణ

ఫైలులోని పాఠమును ఒక సంకేత పద్ధతి నుండి మరొక పద్ధతికి మార్చుట, మారినదానిని సరిచూచుట అను రెండు పనులను షెల్ స్క్రిప్టులచే చేయించుట నేడు వాడుకలో నున్నది. షెల్ అనగా మన ఆజ్ఞలను కంప్యూటరునకు అందించు ప్రోగ్రాము. వరుసగా ఇయ్యవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వ్రాసి యుంచినచో అదియే స్క్రిప్టు. తెలుగు పాఠముల విషయమున ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినది?

దీని అవసరము నిజమైనదే. కంప్యూటరుపై తెలుగు అచ్చుకూర్పు మొదలైన దినములలో ఒక్కొక్క సంస్థ తన ఫాంటునకు తనదైన సంకేతములను ఏర్పరచుకొన్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగునకు స్థానము లభించినను, పాత ఫాంటులలో కూర్చిన పుస్తకములు, పట్టికలు ఎన్నో అట్లే నిలిచిపోయినవి. ఆ ఫాంటు లేని యంత్రముపై ఆ పాఠము అర్థములేని గుర్తుల వరుస మాత్రమే. అందులో ఒక మాటను వెదకుటకైనను వీలుకాదు. వందలకొలది ఫైళ్లను మరల చేతితో కూర్చుట కష్టము గదా!

ఇక్కడ షెల్ పద్ధతి గొప్పతనము కనబడును. బెల్ ప్రయోగశాలలో 1969లో పుట్టిన యూనిక్సునకు, మెకల్‌రాయ్ సూచనపై 1973లో 'పైపు' అమరినది. కాలువ నీరు తూముగుండా చెరువులోనికి పారునట్లు, ఒక ప్రోగ్రాము ఫలితము దీనిగుండా రెండవదానిలోనికి పారును. మార్పిడి నియమములన్నియు స్క్రిప్టులో బయటికి కనబడుచుండును. వానిని ఎవరైనను చదివి తప్పుపట్టవచ్చును. మాటలను మార్చు 'సెడ్' అను ప్రోగ్రాము, ప్రత్యేకముగా కోరిననే తప్ప, మూలమును తాకక ఫలితమును తెరపై చూపును. ఇది మెచ్చదగిన గుణము.

ఇక దోషములు. మొదటిది, ఈ పరికరములలో కొన్ని లెక్కించునది అక్షరములను కాదు, బైటులను. 'కలిదిండి' అను మాటను తీసికొందము. బాలుడు చదువునపుడు దానిలో అక్షరములు నాలుగే. యూనికోడులో గుణింతపు గుర్తులు, సున్న వేరువేరుగా లెక్కకు వచ్చుటచే సంకేతములు ఎనిమిది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైటులు, మొత్తము 24. ఫైలును తొంగిచూచుటకై 'హెడ్' ప్రోగ్రామును మొదటి పది బైటులు చూపుమన్నచో, 'కలి' వరకు వచ్చి, తరువాతి 'ద'లో మూడవ వంతు మాత్రము మిగులును. తెరపై ప్రశ్నార్థకపు గుర్తు కనబడును. ఫైలు చెడినదని తలచి విద్యార్థి కంగారుపడును. చెడినది ఫైలు కాదు, చూచిన విధానము.

రెండవది, అక్షర క్రమము. పాత ఫాంటులలో సంకేతములు సామాన్యముగా కంటికి కనబడు వరుసలో నుండును. 'తాడేపల్లిగూడెం'లో 'లి' ముందు వచ్చి, లవత్తు వెనుక వచ్చును. యూనికోడులో ఉచ్చారణ క్రమము ప్రకారము ముందు రెండు లకారములు, చివర గుడి. కావున ఒక గుర్తునకు బదులు మరొక గుర్తును ఉంచు పట్టిక ఎంత పెద్దదైనను చాలదు. గుర్తుల స్థానములను మార్చు నియమము కూడ కావలెను.

మూడవది, పదముల హద్దు. 'కల' అను మాటకు బదులు 'స్వప్నము' అని ఉంచుమని సెడ్‌కు చెప్పినచో, అది కలలను మాత్రమే మార్చి ఊరకుండదు. 'కలిదిండి' సంకేతములలో మొదటి రెండును అవియే గనుక ఊరి పేరు కూడ స్వప్నమై, గుడి ఒంటరిగా వ్రేలాడును. మూలముపైననే వ్రాయుమని ముందే ఆజ్ఞాపించి యుండి, వేరొక ప్రతి లేకున్నచో, పోయిన పేరు తిరిగి రాదు.

ఫలితమును ముందుగా తెరపై చూచుకొన్న చాలునందురు. చాలదు. 'కైకలూరు'లోని ఐత్వమును యూనికోడులో ఒకే సంకేతముగ వ్రాయవచ్చును. ఎత్వమును, ఐత్వపు క్రింది గుర్తును కలిపి రెండుగను వ్రాయవచ్చును. రెండును సమానములని యూనికోడ్ నియమము. సరిగా అమర్చిన ఫాంటుతో తెరపై తేడా కనబడదు. కాని బైటులను పోల్చి వెదకు ప్రోగ్రామునకు అవి రెండు వేరు మాటలు. ఒక విధముగ వ్రాసిన పట్టికలో రెండవ విధముగ వెదకిన, ఆ ఊరు లేనట్లే. ఈ రెండు రూపములను ఏకము చేయు మెట్టు లేని స్క్రిప్టు అసమగ్రము.

ఈ విషయమున శాసన పరిశోధకుల పద్ధతి ఆదర్శము. రాజరాజ నరేంద్రుని కలిదిండి తామ్రశాసనము పదునొకండవ శతాబ్దినాటిది. ఇట్టి శాసనములను ప్రకటించునపుడు పండితులు తాము చదివిన పాఠమును మాత్రమే ఇచ్చి తృప్తిపడరు. రేకుల ప్రతిబింబమును కూడ అచ్చువేయుదురు. చదువుటలో పొరపాటున్నచో తరువాతివారు మూలమును చూచి దిద్దుకొందురు. స్క్రిప్టు వ్రాయువారికిని ఇదే న్యాయము వర్తించును.

కావున షెల్ పద్ధతిని త్రోసిపుచ్చ పనిలేదు, గుడ్డిగా నమ్మనురాదు. మూలమును వేరుగా భద్రపరుపవలెను. ఫలితమును మరొక ఫైలులో వ్రాయింపవలెను. సంకేత మార్పిడి చేసినచో, వెనుకకు మార్చి చూచి మూలముతో సరిపోవునో లేదో 'డిఫ్' ప్రోగ్రాముచే పోల్చవలెను. పదముల మార్పిడి చేసినచో, మారిన పంక్తులనన్నిటిని అదే డిఫ్‌చే తీయించి చదువవలెను. మొదటి పది పంక్తులను చూచి తృప్తిపడక, వత్తులు, ఐత్వములు, సున్నలు గల కఠిన పదముల పట్టికను పరీక్షకై ఉంచుకొనవలెను. పాఠశాలలో ఉపాధ్యాయుడు ఈ పట్టికను విద్యార్థులచే తమ చుట్టుప్రక్కల ఊళ్ల పేర్లతోనే తయారు చేయింపవచ్చును. తమ ఊరి పేరు తప్పుగా వచ్చినపుడు ఆ తప్పును పట్టుకొనుటకు వారికి మరెవరి సాయమును అక్కరలేదు.