43 సెకన్ల అంతరాయం: గిట్‌హబ్ నివేదిక పరిశీలన

ఒక సర్వర్ ఆగితే మరొకటి ఆ పనిని అందుకునే ఏర్పాటే హై అవైలబిలిటీ క్లస్టర్. దానిలో లోపాన్ని వెతికే పద్ధతి తెలియాలంటే గిట్‌హబ్ సంస్థ 2018 అక్టోబరులో ప్రచురించిన నివేదికను మీరు చదవాలి. అమెరికా తూర్పు తీరంలోని డేటా సెంటర్‌కు నెట్‌వర్క్ సంబంధం 43 సెకన్లపాటు తెగింది. సేవలు కుదుటపడడానికి మాత్రం 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రధాన డేటాబేస్ బాధ్యతను పశ్చిమ తీరానికి మార్చింది. తూర్పున అప్పటికే నమోదైన కొంత డేటా పశ్చిమానికి చేరలేదు. దాంతో ఒకచోట ఉన్నది మరోచోట లేకుండా పోయింది.

జరిగినదాన్ని వేళలతో సహా దాపరికం లేకుండా చెప్పడం ఈ నివేదిక గొప్పతనం. డేటాను కాపాడటానికే ఆలస్యాన్ని భరించామని స్పష్టం చేస్తుంది.

అయితే ఒక లోపం ఉంది. ఆర్కెస్ట్రేటర్ తనకు నిర్దేశించినట్టే పనిచేసిందనీ, ఆ మార్పును తట్టుకోలేనివి అప్లికేషన్లేననీ తెలిపే కీలక వాక్యం చివర, చేపట్టబోయే పనుల మధ్య కనిపిస్తుంది. అది ముందే ఉండవలసింది. పైపైన చదివేవారు తప్పంతా నెట్‌వర్క్‌దే అనుకుంటారు.

కాబట్టి ‘ఏది చెడిపోయింది?’ అన్న ప్రశ్నతో ఆగకండి. ‘చెప్పినట్టే పనిచేస్తూ నష్టం తెచ్చినది ఏది?’ అని కూడా అడగండి.