రైలుబడి మాస్టారూ, మన ఇంటి పిల్లలూ

పిల్లల్ని మంచిదారిలో పెట్టడమెలా అన్న ప్రశ్నకి మన పెద్దవాళ్ళ దగ్గర ఒకటే జవాబు ఉండేది. అది సాధారణంగా తలుపు మూలన ఆనించి ఉండేది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో బెత్తం ఎత్తరాదంది. ఇంట్లో దాన్ని మనమే కాస్త సిగ్గుపడి అటకెక్కించాం. ఇప్పుడు ఆ స్థానంలోకి పొగడ్తలూ, బహుమతులూ, ఫ్రిజ్ తలుపు మీద అంటించే నక్షత్రాలూ వచ్చాయి. ఇవి ఎంతవరకు పనిచేస్తాయో చూడాలంటే నేను లావుపాటి మనస్తత్వ గ్రంథాల జోలికి పోను. ‘రైలుబడి’ తీస్తాను.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన తన బాల్యం కథ ఇది. అల్లరి భరించలేమని మొదటి తరగతిలోనే బడివాళ్ళు వెళ్ళగొట్టిన టోటోచాన్, టోక్యోలో రైలుపెట్టెలే తరగతి గదులైన ‘తొమోయె’ బడిలో చేరుతుంది. అక్కడి పెద్దమాస్టారు కొబయాషి. మొదటిరోజే ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలపాటు ఆమె కబుర్లు విన్నారట. కుక్కర్ రెండో కూత వేసేలోగా మనం వినేది ఎంతో లెక్క వేసుకోండి.

ఈ మాస్టారు కూడా పొగిడేవారు. టోటోచాన్ కనిపించినప్పుడల్లా, నిజానికి ఆమె మంచిపిల్లేనని చెప్పేవారు. మనమూ చెప్తాం కదా, ‘గుడ్ గర్ల్’ అని? చెప్తాం గాని, పాలు తాగితే చెప్తాం, హోంవర్కు ముగిస్తే చెప్తాం. మనది కూలి లెక్క. పని కాగానే చేతిలో పెడతాం. ఆయన మాట పనికి ముట్టే కూలి కాదు. పైగా ‘నిజానికి’ అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. నిన్ను లోకం అల్లరిపిల్ల అంటోంది, నాకు తెలుసు, అయినా నా అభిప్రాయం ఇదీ అని. ఆ ఒక్క మాట లోతు తనకి పెద్దయ్యాక గాని అందలేదంటుంది రచయిత్రి. పొగడ్తకున్న బలం ఎక్కడుందో ఇంత తేటగా చూపిన పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు.

బహుమతుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఆటలపోటీల్లో మొదటి బహుమతి ఇంతలావు ముల్లంగి! మరొకరికి పాలకూర కట్ట. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. ఇంటికెళ్ళి అమ్మచేత వండించుకోండి, మీరు సంపాదించుకున్న కూర అది, అన్నారు మాస్టారు. నవ్వొస్తుంది గాని, ఇది ఉత్త చమత్కారం కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి శిశుపాఠశాలలో చేసిన పరిశోధన ఒకటి 1973లో అచ్చయింది. బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలు తీరిక వేళల్లో బొమ్మలకి కేటాయించే సమయం తక్కినవాళ్ళలో సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. నా మటుకు నాకు ముల్లంగిలో ఉన్న సుగుణం ఏమిటంటే, నక్షత్రం గోడమీద మిగిలిపోయి రేపు ఇంకోటి కావాలంటుంది. ముల్లంగి ఆ రాత్రే ఇంటిల్లిపాది కంచాల్లోకి వెళ్ళిపోతుంది.

ఆ పోటీలన్నిటా గెలిచినవాడు తకహషి. కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండి ఎదుగుదల ఆగిపోయిన పిల్లవాడు. అతనికి కలిసొచ్చేలా మాస్టారు ఆటలే కల్పించారు. ఈ ఘట్టం చదివి కళ్ళు తుడుచుకోని తల్లి ఉండదు. కాని ఇదే ఉపాయం ఏడాదికొకసారి కాక వారం వారం సాగితే, ఎప్పుడూ ఓడిపోయే పిల్లల మాటేమిటి? పుస్తకం ఆ మనసుల్లోకి తొంగిచూడదు.

అసలు ఈ పుస్తకంలో నాకు నచ్చని సంగతి అదే. బాగుపడిన పిల్ల చెప్పిన కథ కాబట్టి ప్రతి ఉపాయమూ ఫలించినట్టే కనిపిస్తుంది. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి టోటోచాన్ పెద్దవాళ్ళకి తెలియకుండా నిచ్చెన వేసి చెట్టెక్కిస్తుంది. ఎంత అందమైన అధ్యాయమో! వాడు జారిపడి ఉంటే ఆ అధ్యాయం ఎలా ఉండేది? పిల్లల్ని నమ్మి వదలడంలో ఈ ప్రమాదం ఉంది. దాని ఊసు పుస్తకంలో లేదు.

మరొకటి. పర్సు పాయిఖానా గుంటలో పడిపోతే టోటోచాన్ గరిట పట్టుకుని ఆ గుంటలోదంతా తోడిపోస్తుంది. అటు వచ్చిన మాస్టారు కేకలెయ్యలేదు. మళ్ళీ అందులో వేసేస్తావు కదూ అని అడిగి వెళ్ళిపోయారు. ఆమె వేసేసింది, ఇంకెప్పుడూ ఆ గుంటలోకి తొంగిచూడలేదు. నిజమే, అద్భుతం. కాని అక్కడ మాస్టారి మాట మీద ఇంకో మాట లేదు. మన ఇళ్ళల్లోనో? అమ్మ ఊరుకుంటే నాన్న ఊరుకోడు. నాన్న ఊరుకుంటే మొక్కై వంగనిది మానై వంగదని నాయనమ్మ అందుకుంటుంది. తాతగారు చాటుగా చాక్లెట్టు ఇస్తారు. కింది వాటా ఇల్లుగలావిడ మొహం సరేసరి! ఎంత మంచి పద్ధతైనా నాలుగు నోళ్ళ మధ్య నలిగిపోతుంది. తప్పు పద్ధతిది కాదనుకోండి, అయినా నలిగేది పిల్లే.

అందుకే ఈ పుస్తకంలో నన్ను మాస్టారికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది, ఆయన వెనకాల ఒదిగిపోయిన అమ్మ. బడినుంచి తీసేశారన్న కబురు మోసుకొచ్చి, కొత్తబడికి వెళ్దామా అని మాత్రం అడిగింది. అసలు సంగతి కూతురికి ఇరవయ్యేళ్ళు వచ్చాక గాని చెప్పలేదు. ముళ్ళకంచెల కింద దూరి బట్టలు చింపుకుని, ఎవరో పిల్లలు వీపుమీదికి కత్తులు విసిరారని పిల్ల బొంకితే, అమ్మ నమ్మలేదు, నిలదీయనూ లేదు. అబద్ధాన్ని వదిలేసి అందులోని భయాన్ని చూసింది. దీనికి నక్షత్రాలు అక్కర్లేదు, రైలుపెట్టెలూ అక్కర్లేదు. మన వంటింట్లోనూ సాగుతుంది. ఇలా వదిలేస్తే పిల్లలు అబద్ధాలు మరుగుతారనేవాళ్ళు ఉంటారు. ఆ భయం నాకూ కొంత ఉంది. ప్రతి బొంకునీ ఇలా దాటెయ్యమని నేననను.

ఆ తల్లి, చో కురొయనాగి, 1982లో తన కథ తానే పుస్తకంగా తెచ్చింది. 1987లో జపాన్ టెలివిజన్‌లో దాన్ని ధారావాహికగా వేశారు. తెలుగులో చదివే భాగ్యం నాకింకా కలగలేదు. ఎవరైనా అనువదిస్తే మొదటి ప్రతి నేనే కొనుక్కుంటాను.