యంత్ర కంపనము – తెలుగు పరిభాష

తిరుగు యంత్రములోని దోషమును దాని వణకును బట్టి పసికట్టుట నేడు స్థిరపడిన పద్ధతి. సంకీర్ణమైన కంపనమును వేర్వేరు పౌనఃపున్యములుగా విడదీయు గణితమునకు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ఉష్ణప్రసరణముపై వెలువరించిన గ్రంథము మూలము. కూలీ, టూకీలు 1965లో ప్రకటించిన శీఘ్రగణన విధానముచే అది యంత్రశాలలకు అందినది. నిమిషమునకు 1500 మార్లు తిరుగు ఇరుసున బరువు ఒక ప్రక్కకు ఒరిగినచో సెకనుకు 25 మార్ల కంపనము పెరుగును. జత ఇరుసులు ఒక వరుసలో లేనిచో 50 మార్లది తరచుగా పైకి వచ్చును.

ఈ శాస్త్రమునకు మన పాఠ్యపుస్తకముల పరిభాష కొంత తోడ్పడును, కొంత అడ్డుపడును. ‘పౌనఃపున్యము’ పలుకుటకు కష్టమైనను సార్థకము. మరల మరల అను భావము అందున్నది. సిరొంచ, భామ్రాగడ్ సీమల తెలుగు విద్యార్థి మరాఠీ పుస్తకమున చూచు ‘వారంవారతా’యు అట్టిదే. కాని కంపనపు అధికాల్పతలను తెలుపు ‘కంపన పరిమితి’ అంత మేలైన మాట కాదు. కొలత యను అర్థము దానికి లేకపోలేదు. అయినను లోకవ్యవహారమున పరిమితి యనగా హద్దే. కంపనవేగము సెకనుకు 4.5 మిల్లీమీటర్లు దాటరాదని నియమించిన పంపున 3 కనబడినప్పుడు, ‘పరిమితి యెంత?’ అను ప్రశ్నకు రెండు జవాబులు వచ్చును. సిరొంచకు ఆవలి యొడ్డున కన్నెపల్లిలో 2019లో నెలకొన్న భారీ పంపుల వంటివాని కడ ఇట్టి సందిగ్ధత ప్రమాదకరము.

మరాఠీవారు ఇచ్చట ‘ఆయామ’ శబ్దమును వాడుదురు. నిడివి, వ్యాప్తి అను అర్థములలో అది తెలుగునకును పరాయిది కాదు. ‘కంపనాయామము’ అన్నచో కొలత వేరు, హద్దు వేరు అగును. పొరుగుభాష దిద్దగల దోషమును అభిమానముచే నిలుపుకొనుట భాషాసేవ కానేరదు.