కెమెరా ఎంత దూరంలో నిలబడింది?

టీవీ నాటకంలో ఎవరు మనవాళ్లో ఎవరు పరాయివాళ్లో మాటలకంటే ముందు కెమెరా చెప్పేస్తుంది. లాంగ్ షాట్‌లో మనిషి కనపడడు, గుంపు కనపడుతుంది. క్లోజప్‌లో గుంపు పోయి మనిషి మిగులుతాడు. చిన్న తెరమీద దూరపు దృశ్యం ఆనదు కనక టీవీ ముఖాలమీదే కథ నడుపుతుంది. మరి ఆ ముఖాలు ఎవరివి? ముస్లిం తెరమీదికి రావాలంటే ముందు మినార్ చూపించాలి, వెనక అజా వినిపించాలి, తర్వాత టోపీల గుంపు. అందులోంచి పేరున్న మనిషిగా దగ్గరికొచ్చేది ఒకరో ఇద్దరో. తెలుగు సినిమా చాలాసార్లు ఆ ఒక్కడిచేత కూడా వచ్చీరాని తెలుగు మాట్లాడించి నవ్వించింది.

అందుకే 1988లో దూరదర్శన్‌లో వచ్చిన ‘తమస్’ను మళ్లీ చూడాలి. భీష్మ సాహ్ని నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన దేశవిభజన కథ అది. మొదట్లోనే తోలుపని చేసే నత్థూ, అంటే ఓంపురి, చీకటి కొట్టంలో పందిని చంపలేక పెనుగులాడతాడు. కెమెరా అతనితోపాటు మనల్నీ ఆ గోడలమధ్య బంధిస్తుంది. తర్వాత కళేబరం మసీదు మెట్లమీద దొరికినప్పుడు వీధిలో జనానికి తెలియంది మనకు తెలుసు. ఒక పేద దళితుడికి డబ్బిచ్చి, పశువుల డాక్టరుకు కావాలని అబద్ధమాడి చేయించిన పని అది. నవలలో చేయించినవాడి పేరు మురాద్ అలీ.

ఊళ్లు తగలబడుతుంటే ముసలి సిక్కు దంపతులు ఒక ముస్లిం ఇంటి తలుపు తడతారు. ఆ ఇంటి మగవాళ్లు లూటీకి పోయారు. ఇంటావిడ రాజోగా వేసిన సురేఖా సిక్రీకి ఈ పాత్రకే జాతీయ అవార్డు వచ్చింది. భయం, జాలి, తనవాళ్లమీద కోపం, అన్నీ ఆమె ముఖంలోనే చదువుకుంటాం. ఆ ముఖం లేకపోతే ఆ ఇల్లు కూడా గుంపులో కలిసిపోయేది.

ఐతే మా ప్రశ్న ఒకటుంది. క్లోజప్ దొరకాలంటే ముస్లిం ఎవరి ప్రాణమో కాపాడి తీరాలా? మంచితనం రుజువు చేసుకుంటేనే మాకు ముఖం ఉంటుందా?

అదే 1988లో, అదే దూరదర్శన్‌లో, గుల్జార్ ‘మీర్జా గాలిబ్’ వచ్చింది. నసీరుద్దీన్ షా గాలిబ్ ఎవర్నీ కాపాడడు. అప్పులు చేస్తాడు, తాగుతాడు, జూదం కేసులో జైలుకు పోతాడు, బిడ్డల్ని పోగొట్టుకుని కుమిలిపోతాడు. ఐనా కెమెరా అతని పక్కనే కూచుంటుంది.

మాకు కావాల్సింది ఆ చోటే. బీడీలు చుట్టే అమ్మీకి, పంక్చర్లు వేసే భాయికి, ఫీజు కట్టలేక చదువు మానేసిన చెల్లెకు. వాళ్ల పేదరికానికి, ప్రేమకు, తగాదాలకు కూడా ఒక క్లోజప్ కావాలి. సెక్యులర్ మిత్రులారా! ఈసారి టీవీలో ముస్లిం కనపడితే అతనేం మాట్లాడాడో తర్వాత వినండి. ముందు కెమెరా ఎంత దూరంలో నిలబడిందో చూడండి.