ఏ లెక్కకు ఆ ఒక్కపొద్దు

తమిళుల పంచాంగంలో నెలను నిర్ణయించేది సూర్యుడు. ఆ నెలలో వ్రతం ఏ రోజున పడుతుందో తేల్చేది ఎక్కువగా చంద్రుడు. సూర్యుడు మేషరాశిలోకి రాగానే చిత్తిరై మొదలవుతుంది. అదే వారి సంవత్సరాది, ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. అక్కణ్ణుంచి వరసగా వైకాశి, ఆని, ఆడి, ఆవణి, పురట్టాసి, ఐప్పసి, కార్తికై, మార్గళి, తై, మాసి, పంగుని. సూర్యుడు అన్ని రాశులనూ ఒకే వేగంతో దాటడు కాబట్టి నెలకు 29 నుంచి 32 రోజుల దాకా ఉంటాయి. సంక్రమణం సూర్యాస్తమయానికి ముందు జరిగితే ఆ రోజే ఒకటో తేదీ, తరువాత జరిగితే మర్నాడు. ఇంతవరకూ చంద్రుడితో పనిలేదు. పండుగ దగ్గరికి వచ్చేసరికి తిథినో నక్షత్రాన్నో చూస్తారు. తై నెలలో పుష్యమి వచ్చిన రోజు తైపూసం, మాసిలో మఖ వచ్చిన రోజు మాసిమఖం, పంగునిలో ఉత్తర వచ్చిన రోజు పంగుని ఉత్తిరం.

హైదరాబాద్‌లో ఈ లెక్క మిగతా లెక్కల పక్కన ఎలా నడుస్తుందో చూడడానికి ఉస్మాన్‌గంజ్‌కు మించిన చోటు లేదు. మూసీకి ఉత్తరపు ఒడ్డున, బేగంబజార్‌ను ఆనుకుని ఉన్న ఈ హోల్‌సేల్ బజారులో బెల్లం, పప్పులు, చింతపండు, ఎండుమిర్చి బస్తాల లెక్కన దిగుతాయి. నగరంలో ఏ వర్గం వారి పండుగ వచ్చినా సరుకు కోసం రావలసింది ఈ గంజ్‌ల వైపే. తెలుగువారి నెల అమావాస్యతో ముగుస్తుంది. మార్వాడీల నెల పున్నమితో ముగుస్తుంది. అందుకే గురుపూర్ణిమ మర్నాడే మార్వాడీ ఇంట శ్రావణం వచ్చేస్తుంది, సోమవారాల ఉపవాసాలు మొదలవుతాయి. పక్కింటి తెలుగువారికి అది ఇంకా ఆషాఢ బహుళమే; పాతబస్తీలో బోనాలు నడుస్తుంటాయి. సికింద్రాబాద్ వైపు స్థిరపడిన తమిళ కుటుంబాలకు అదే సమయంలో ఆడి నెల. అది అమ్మవారి గుళ్లలో జావ కాచి పోసే నెల, పద్మారావునగర్ స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామికి కావళ్లు ఎత్తే ఆడి కృత్తిక నెల. ఆడిలోనూ ఆషాఢంలోనూ పెళ్లిళ్లు చేయరు, రెండింటిలోనూ గ్రామదేవతలకే పెద్దపీట. లెక్కలు వేరైనా ఋతువు ఒకటే కదా.

మార్వాడీ సోమవారాలకు కావలసిన సరుకు సాబుదానా, సామలు, సింఘాడా పిండి, పల్లీలు, సైంధవ లవణం. ఇందులో సాబుదానా దక్షిణాది సరుకు. కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండితో దీన్ని చేస్తారు. దేశంలో దీనికి పెద్ద కేంద్రం తమిళనాడులోని సేలం. అక్కడ 1981లో సాగోసర్వ్ అనే సహకార సంఘం ఏర్పడింది. తెలుగునాట సామర్లకోట, పెద్దాపురం వైపు ఈ పరిశ్రమ ఉంది. సేలం సగ్గుబియ్యానికి గిరాకీ తెచ్చేది చాలావరకు మహారాష్ట్ర, ఉత్తరాది ఇళ్ల ఉపవాసాలే.

నెలల లెక్కలో తేడా 2024లో బాగా కనిపించింది. ఆ ఏడాది నవంబరు 15న తెలుగువారు కార్తీక పౌర్ణమి జరుపుకున్నారు, 365 వత్తులు వెలిగించారు. తమిళుల కార్తికై దీపం మాత్రం డిసెంబరు 13న వచ్చింది. తిరువణ్ణామలై కొండ మీద మహాదీపం ఆ రోజే వెలిగింది. కారణం ఒక్కరోజు తేడా. సూర్యుడు వృశ్చికంలోకి వచ్చింది నవంబరు 16న. నవంబరు 15 నాటి పున్నమి తమిళుల లెక్కలో ఇంకా ఐప్పసి నెలదే. కార్తికై నెలలో కృత్తిక నక్షత్రం, నిండు చంద్రుడు కలిసి రావడానికి మరో నెల ఆగవలసి వచ్చింది. 2023లో అలా కాలేదు. రెండు పండుగలూ నవంబరు చివర ఒకదాన్నొకటి ఆనుకునే వచ్చాయి.

చంద్రుడి ఏడాదికీ సూర్యుడి ఏడాదికీ మధ్య తేడాను తెలుగు పంచాంగం అధికమాసంతో సర్దుకుంటుంది. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులు, సౌర సంవత్సరం 365. ఏటా మిగిలే 11 రోజులు పోగై సుమారు 32, 33 నెలలకొక అదనపు నెల వస్తుంది. హిజ్రీ లెక్కలో ఈ సర్దుబాటు లేదు. అందుకే రంజాన్ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలంలోకీ, చలికాలంలోకీ వెళ్తుంది. దానితో పాటే ఖర్జూరం, డ్రైఫ్రూట్ల సీజనూ జరుగుతుంది. తమిళుల నెల సూర్యుడిదే కాబట్టి అధికమాసం అవసరమే లేదు. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు తెలుగువారికి అధిక శ్రావణం. వరలక్ష్మీ వ్రతం నిజ శ్రావణంలో, ఆగస్టు 25న వచ్చింది. తమిళులూ అదే శుక్రవారం చేసుకున్నారు, వారికది ఆవణి నెల. మరుసటి ఏడు ఆగస్టు 16న వచ్చిన వ్రతం వారికి ఆడి ఆఖరి రోజున పడింది.

తెలుగువారికి సౌరమానం కొత్తదేమీ కాదు. భోగి, సంక్రాంతి, ధనుర్మాసం సూర్యుడివే. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తమిళ తిరుప్పావై వినిపిస్తుంది. ముక్కోటి ఏకాదశి ఈ రెండు లెక్కలూ కలిసే చోట ఉంది: సూర్యుడు ధనుస్సులో ఉండగా వచ్చే శుక్ల ఏకాదశి. అందుకే 2023 డిసెంబరు 23 తరువాతి ముక్కోటి 2025 జనవరి 10న గాని రాలేదు. 2024 క్యాలెండరులో ముక్కోటి లేదు. 2025లో మాత్రం రెండు వచ్చాయి, రెండోది డిసెంబరు 30న.

ఏకాదశి ఎప్పుడన్న తర్కం ప్రతి ఇంట్లోనూ వినబడేదే. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అందుకు 19 గంటలు పట్టవచ్చు, 26 గంటలూ పట్టవచ్చు. కాబట్టి తిథి తెల్లవారుజామున మొదలు కావచ్చు, మిట్టమధ్యాహ్నం ముగియనూవచ్చు. స్మార్తులు సూర్యోదయానికి ఏకాదశి ఉంటే చాలంటారు. వైష్ణవులకు సూర్యోదయానికి ముందరి నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాల అరుణోదయ వేళ కూడా దశమి తగలకూడదు. ఆరుకు సూర్యోదయమనుకుంటే అరుణోదయం 4 గంటల 24 నిమిషాలకు మొదలవుతుంది. సోమవారం ఏకాదశి 5 గంటలకు ప్రవేశిస్తే స్మార్తులకు సోమవారమే ఉపవాసం, వైష్ణవులకు మంగళవారం. ఇందులో ఎవరిదీ పొరపాటు కాదు.

తమిళనాట దీనికి తోడు వాక్య పంచాంగం, తిరుక్కణిత పంచాంగం అన్న భేదం ఉంది. వాక్య పద్ధతికి ఆధారం సంప్రదాయం వరరుచి పేర చెప్పే 248 చంద్ర వాక్యాలు. తిరుక్కణితం ఆకాశంలో కనిపించే గ్రహస్థితికి సరిదిద్దిన గణితం. తెలుగువారు దృక్ అనేది దీన్నే. రెండింటికీ తిథి ముగిసే వేళలో గంటల తేడా రావచ్చు. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘం దేశమంతటికీ ఒకే పంచాంగం కావాలని సూచించింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్లలో అది ఉంది గాని ఉపవాసాలను మార్చలేకపోయింది.

తమిళ వ్రతాల్లో తెలుగువారికి అంతగా తెలియనిది కారడైయాన్ నోము. మాసి నెల వెళ్లి పంగుని వచ్చే క్షణం, అంటే మార్చి 14 ప్రాంతపు మీన సంక్రమణమే దాని ముహూర్తం. తిథి, వారం, నక్షత్రం ఏదీ చూడరు. ఆ క్షణం అర్ధరాత్రి పడినా, తెల్లవారుజామున పడినా స్త్రీలు అప్పటిదాకా ఉపవాసం ఉండి, సావిత్రిని తలుచుకుని పసుపు తోరం కట్టుకుంటారు. నైవేద్యం కారడై. బియ్యప్పిండిని వేయించి, ఉడికించిన అలసందలు, కొబ్బరి ముక్కలు, ఏలకుల పొడి వేసిన బెల్లం పాకంలో కలిపి ముద్ద చేస్తారు. అరచేతిలో బిళ్లగా తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఉప్పు వేయని వెన్నతో తింటారు. పిండి వేయించడంలోనే దాని రుచంతా ఉంది. పచ్చివాసన మిగిలితే బెల్లం కూడా కాపాడలేదు.

తమిళుల స్కంద షష్ఠి దీపావళి అమావాస్య మర్నాటి నుంచి ఆరు రోజుల వ్రతం, శూరసంహారంతో ముగుస్తుంది. తెలుగువారి సుబ్రహ్మణ్య షష్ఠి మార్గశిరంలో వస్తుంది. 2024లో అది నవంబరు 7న, ఇది డిసెంబరు 7న. పురట్టాసి శనివారాలు పెరుమాళ్లకు. బియ్యప్పిండి, బెల్లంతో ప్రమిద చేసి నేతి దీపం పెడతారు. మన శ్రావణ శనివారాల పిండి దీపమూ ఇదే. త్రయోదశి సాయంత్రం ప్రదోషం శివుడికి. ఏకాదశి ఉపవాసం విడిచే ద్వాదశి భోజనంలో అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి ఉండాలని తమిళ ఇళ్లలో పట్టుదల. ఖాళీ కడుపుకు ఇవి మేలు చేస్తాయన్న నమ్మకం దాని వెనుక ఉంది.

ఒక్కపొద్దు ఉండదలచినవారు తమ ఇంటి పద్ధతి ఏదో పెద్దల వద్ద తెలుసుకుని, ఆ పద్ధతిలో గుణించిన పంచాంగం ఒక్కటే చూడడం మేలు. అది ఏ ఊరికి గుణించిందో కూడా చూడాలి. శీతాకాలంలో చెన్నైలో హైదరాబాద్ కంటే పావుగంట ముందే సూర్యోదయమవుతుంది. ఇక్కడ ఉంటూ అక్కడి వేళకు పారణ చేయడం సరికాదు.