ఎట్టా ఆగింది?

విజయవాడ ఆటోనగర్‌లో నేను బాగా గౌరవించే మెకానిక్ ఒకతను బానెట్ ఎత్తడానికి తొందరపడడు. ముందు బండాయన్ని పక్కన నిలబెట్టి, "ఎట్టా ఆగింది సార్?" అని అడుగుతాడు. కొట్టుకుని కొట్టుకుని ఆగిందా, స్విచ్ కట్టేసినట్టు ఆగిందా? అప్పటికి ఎంతసేపటి నుంచి నడుస్తోంది? ట్యాంకులో పెట్రోలు ఎంతుంది? జవాబులు వింటుండగానే అనుమానించాల్సిన పార్టులు సగానికి తగ్గిపోతాయి.

పెట్రోలు ఇంజిన్‌కి కావలసినవి కొన్నే. సిలిండర్లో కంప్రెషన్, తగినంత గాలి, పెట్రోలు, స్పార్కు, అన్నీ వేళకి అందడం. వీటిలో ఏది తప్పిందో ఆగిన తీరే చాలావరకు చెబుతుంది. పెట్రోలు అందకపోతే బండి సాధారణంగా కుదుపులిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినా ఊపందుకోదు, కాస్త దూరం ఈడ్చుకొచ్చి ఆగుతుంది. స్పార్కు ఒక్కసారిగా పోతే అలాంటి హెచ్చరిక ఉండదు.

నడిరోడ్డు మీద ఆగితే ముందు మనుషుల సంగతి చూసుకోవాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది గనుక, మాటిమాటికీ కొట్టకుండా ఒక్కసారే గట్టిగా తొక్కిపట్టాలి. కదులుతుండగా తాళం బయటికి లాగకూడదు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. పక్కకి చేరాక హజార్డ్ లైట్లు వేసి అందరినీ దింపి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి అయితే సాయానికి 1033కి ఫోన్ చేయండి.

తర్వాతి పని చెవులది. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నటి మోత వస్తుంది. అది ట్యాంకులో మునిగి ఉండే పంపు. వినపడకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడాలి. పంపు మోటారు అరిగిపోతే ట్యాంకు అడుగున తట్టినప్పుడు ఒక్కోసారి లేస్తుంది. అలా లేచిందంటే పంపు మార్చే రోజు వచ్చినట్టే. పంపుని చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, ఎప్పుడూ రిజర్వులోనే బండి నడపడం దానికి మంచిది కాదు.

ఇప్పుడు సెల్ఫ్. రోజూ వినే ఆ ఎగుడుదిగుడు మోత కంప్రెషన్ వల్ల వచ్చేది. టైమింగ్ బెల్టు తెగితే ఆ లయ పోయి, చేద ఊడిన గిలకలా ఇంజిన్ తేలిగ్గా గిర్రున తిరుగుతుంది. ఆ మోత వింటే వెంటనే తాళం వదిలేయండి. చాలా ఇంజిన్లలో బెల్టు తెగగానే పిస్టన్లు వాల్వులను తాకి వంచేస్తాయి, ఇంకా తిప్పితే నష్టం పెరగొచ్చు.

పంపు మోగుతోంది, సెల్ఫ్ మామూలుగానే తిరుగుతోంది, అయినా బండి అందుకోవడం లేదు. ఇంజిన్ వేడి మీద ఉన్నట్టుండి ఆగిన బండి ఇలా చేస్తే నా అనుమానం మొదట క్రాంక్ సెన్సర్ మీదికి పోతుంది. క్రాంక్‌షాఫ్ట్‌తో తిరిగే పళ్లచక్రం పక్కన ఉండే చిన్న పార్టు అది. ఒక్కో పన్ను దాటుతున్నప్పుడు సిగ్నల్ పంపుతుంది. పెట్రోలు ఎప్పుడు చల్లాలో, స్పార్కు ఎప్పుడివ్వాలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) లెక్కగట్టేది ఆ సిగ్నల్‌తోనే. అది పోతే చాలా బళ్లలో రెండూ ఆగిపోతాయి. కొన్ని సెన్సర్లలో ఉండేది సన్నటి రాగి తీగ చుట్ట. ఏళ్లపాటు వేడి తిన్న తీగ ఎక్కడో చిట్లుతుంది. వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది.

దీనివల్లే సూర్యాపేట దగ్గర మొరాయించిన బండి అరగంట తర్వాత స్టార్టయి, షెడ్డులో బుద్ధిగా నడుస్తుంది. చల్లారిన సెన్సర్‌కి మీటరు పెడితే ఓమ్స్ సరిగ్గానే చూపిస్తుంది. స్కానర్లో కోడ్ పడొచ్చు, పడకపోవచ్చు. సిగ్నలే రాకపోతే, అసలు ఇంజిన్ తిరుగుతోందని కొన్ని ఈసీయూలకి తెలియదు.

నాకు బాధ కలిగేది ఈ దశలోనే. ప్లగ్గులు మారుస్తారు, ఇక ఆగదేమో చూద్దామంటారు. మళ్లీ ఆగితే కాయిల్, ఆ తర్వాత పంపు. నెల జీతంలో బతికే మనిషి ఒక్కో ఊహకీ ఒక్కో బిల్లు కడతాడు. పార్టు మార్చి చూడటాన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు. బండి చచ్చి ఉన్న ఆ కాసేపట్లో అక్కడ ఉన్నది డ్రైవరు ఒక్కడే. అతను చూసినదానికి షెడ్డులో ఏ పరికరమూ సాటిరాదు. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా లేస్తోందా? చాలా బళ్లలో ఆ ముల్లుని కదిలించేది క్రాంక్ సెన్సర్ సిగ్నలే. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు కొట్టుకుంటోందా? అయితే అనుమానం దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ వైపు తిరగాలి. ఇవన్నీ కనపడేలా, మోత వినపడేలా ఫోన్లో వీడియో తీసిపెట్టుకోండి.

బండి అప్పగించేటప్పుడు ఆ వీడియో చూపించి, "వేడెక్కి ఆగేదాకా నడిపి, ఆగిన వెంటనే చూడండి" అని అడగండి. తీగ చుట్ట ఉన్న సెన్సర్ అయితే ఇంజిన్ వేడిగా ఉండగానే ఓమ్స్ కొలవాలి. తడిగుడ్డ చుట్టి సెన్సర్ని చల్లబరచగానే బండి అందుకుంటే అనుమానం బలపడినట్టే. అప్పుడు కూడా కొత్తది కొనేముందు కనెక్టరు విప్పించి చూడండి. ఎలుక కొరికిన వైరు, ఆయిల్ పట్టిన పిన్ను కూడా బండిని ఇలాగే ఆపుతాయి.